సోమరి టి, తల ఎడమకు

మా ఊరికి ఏ వైపు నుంచి వచ్చినా ముందు కనిపించేది ఆ బోర్డే. గుర్రం మీద ఒక మనిషి, జీను మీద అడ్డంగా చెక్కపలక, ఎడమచేతిలో పెన్సిలు. కింద పెద్ద అక్షరాలతో 'మెర్సర్, మోంటానా. ఎడమచేతి కౌబాయ్ చిత్రకారుడి ఊరు' అని ఉంటుంది. హోటల్లో ఎడమచేతి స్టేక్ అని ఒకటి అమ్ముతారు. అది మామూలు మాంసం స్టేకే, ఉల్లిపాయలు మాత్రం పళ్ళెంలో అవతలి వైపు వడ్డిస్తారు. మా బేస్‌బాల్ జట్టు పేరు కూడా ఎడమచేతులే. ఎప్పుడూ గెలవదు.

ఆ బోర్డు మీది బొమ్మకు మూలమైన ఫొటోను ఊరికి ఇచ్చింది నా భర్త ఎల్మర్ లూండ్. అతను రైల్వే స్టేషన్లో టెలిగ్రాఫ్ గుమాస్తా. సెలవు దొరికితే చాలు, కెమెరా కారులో వేసుకుని, ఆ చిత్రకారుడు వేడ్ కార్మడీ పశువులు తోలిన చోట్లన్నీ తిరిగేవాడు. వేడ్ ఫొటో ఎవరింట్లో ఉందన్నా వెళ్ళి, అడిగి తెచ్చుకుని, కాపీ తీసి, అసలుది భద్రంగా తిరిగి ఇచ్చివచ్చేవాడు. వంటబండి పక్కన రొట్టె నములుతున్న వేడ్. పంటినొప్పితో దవడకు గుడ్డ కట్టుకున్న వేడ్. మొదటి ప్రదర్శన రోజున మెడకు టై బిగించుకుని ఊపిరాడక నిలబడ్డ వేడ్. మా పడకగది గోడ పొడవునా అట్టపెట్టెలు పేరుకున్నాయి. పిల్లలు లేని ఇంట్లో వేడ్ ఒక్కడే పుట్టి పెరిగాడని ఎల్మర్‌ను వేళాకోళం చేసేదాన్ని.

ఎల్మర్ ఈ మార్చిలో పోయాడు. చివరి మాట గొప్పదేమీ కాదు. పొయ్యి గొట్టానికి మూత వేశావా అని అడిగాడు. వేశానన్నాను.

బోర్డుకు మూలమైన ఆ ఫొటో దొరికింది ఒక కోళ్ళగూట్లో. ఊళ్ళు తిరిగే ఫొటోగ్రాఫరు ఎవరో వదిలేసి పోయిన గాజు నెగటివ్‌లను ఒక రైతు కోళ్ళగూటి కిటికీకి అద్దాలుగా బిగించుకున్నాడు. గుడ్లు కొనడానికి వెళ్ళిన ఎల్మర్, వెలుతురు పడుతున్న ఒక గాజుపలకలో వేడ్‌ను గుర్తుపట్టాడు. దాని బదులు కొత్త అద్దం కొనిచ్చి పలక తెచ్చుకున్నాడు. రెట్ట కడిగి, ఆరీ ఆరకముందే ప్రింటు వేశాడు. బ్యాంకువాళ్ళు దాన్ని క్యాలెండరు మీద అచ్చువేశారు.

వేడ్ అప్పటికే చనిపోయాడు. క్యాలెండరులో ఎడమచేతి పెన్సిలు చూసి ఊరు ముందు ఆశ్చర్యపోయింది, తరవాత జ్ఞాపకం తెచ్చుకుంది. వేడ్‌తో కలిసి పశువులు తోలిన ఆర్చీ టల్ మంగలి షాపులో కూర్చుని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "పేకముక్కలు ఎడమచేత్తోనే పంచేవాడయ్యా! ఎదురుగా కూచున్నోణ్ణి, నాకు తెలీదా?" ఫొటోలో జీనుపట్టీ ముడి గుర్రానికి కుడివైపున ఉందేమిటని ఎవరో అడిగారు. మా దగ్గర ఆ ముడి ఎప్పుడూ ఎడమవైపే వేస్తారు. "ఎడమచేతివాడు మరెటు కడతాడు, నీ మొహం!" అన్నాడు ఆర్చీ. అంతటితో ఆ ప్రశ్న చచ్చిపోయింది.

మా అట్టపెట్టెల్లోని తక్కిన ఫొటోల్లో వేడ్ కుంచె కుడిచేతిలోనే ఉంది. ఎల్మర్ దానికీ ఒక సమాధానం వెతుక్కున్నాడు. ఫొటో తీసేవాళ్ళ కోసం మర్యాదగా చెయ్యి మార్చేవాడు కాబోలు అనుకున్నాడు. ఇష్టమైనవాళ్ళ కోసం మనసు ఎంత దూరమైనా చుట్టు తిరిగి వస్తుంది.

కిందటి డిసెంబరులో ఒక ఆదివారం నేను అతని చొక్కాకు బొత్తాం కుడుతున్నాను. చొక్కా ఒంటి మీదే ఉంది, విప్పడానికి బద్ధకించాడు.

"సిగ్రిడ్, మగవాళ్ళ బొత్తాలు ఎటువైపు ఉంటాయి?"

"కుడివైపు. కదలకు, సూది గుచ్చుకుంటుంది."

"ఆడవాళ్ళవి?"

"ఎడమవైపు. ఏం, గౌను కుట్టించుకుంటావా?"

అతను నవ్వలేదు. నా తల మీదుగా గోడ మీది క్యాలెండరుకేసి చూస్తున్నాడు. "మరి వేడ్ ఆడవాళ్ళ కోటు వేసుకున్నాడేం?"

సూది నిజంగానే గుచ్చుకుంది.

ఎల్మర్ కిందికి వెళ్ళి గాజుపలక తెచ్చాడు. గాజు నెగటివ్‌ను వెనక వైపు నుంచి ప్రింటు వేస్తే బొమ్మ అద్దంలో లాగా కుడి ఎడమలు మారి పడుతుంది. కిటికీ వెలుతురులో పట్టుకుని దాన్ని తిప్పాడు. బొత్తాలు వాటి చోటికి వెళ్ళాయి. జీనుముడి వెళ్ళింది. పెన్సిలు వెళ్ళింది. చివరికి గుర్రం భుజం మీద యజమాని గుర్తుగా కాల్చిన వాత కూడా తిరిగింది. అప్పుడు అతను కుర్చీలో కూలబడ్డాడు.

మా ఊరి పిల్లలు అక్షరాల కంటే ముందు వాతలు చదవడం నేర్చుకుంటారు. నిలబడాల్సిన అక్షరం పడుకుంటే దాన్ని సోమరి అంటాం. కింద వంపుగీత ఉంటే ఊగేది, రెక్కలుంటే ఎగిరేది. కుడి భుజం మీద సోమరి టి, అంటే పడుకున్న టి అక్షరం, తల కుడికి ఉంటే అది హాలరన్‌ల పశువు. జిల్లాలో సగం గడ్డి వాళ్ళదే. వేడ్ తమ పశువుల రాంచ్‌లో పనిచేశాడనీ, తమ గుర్రం ఎక్కి తమ నేల మీదే మొదటి బొమ్మలు వేశాడనీ వాళ్ళు చెబుతారు. వాళ్ళకు ఆ ఫొటోయే సాక్ష్యం.

ఎడమ భుజం మీద సోమరి టి, తల ఎడమకు ఉంటే అది రొజాలీ ఫాయాన్‌ది. రొజాలీది క్రీ అనే ఆదివాసీ తెగ తల్లులకూ ఫ్రెంచి తండ్రులకూ పుట్టిన మేటీ జనం. భర్త పోయాక ఏటి ఒడ్డున గుర్రాలను మాలిమి చేసి అమ్ముకుని బతికింది. ఆమె గుడిసె ముందు చలికాలపు మంచులో వేడ్ నిలబడ్డ ఫొటోలు మా పెట్టెల్లో చాలానే ఉన్నాయి. ఎక్కింది హాలరన్‌ల గుర్రమనుకున్నంతకాలం, వేడ్ అక్కడికి వాళ్ళ పని మీద వెళ్ళాడనుకున్నాం. గుర్రమూ ఆమెదే అయితే, ఆ చలికాలాలన్నీ వేడ్ తిన్నది ఆమె తిండి. బొమ్మలు వేసింది ఆమె పొయ్యి పక్కన. రొజాలీ పేరు మాత్రం ఊళ్ళో ఏ గోడ మీదా లేదు.

"తిప్పాలి సిగ్రిడ్," అన్నాడు ఎల్మర్. "అన్నీ తిప్పాలి."

"ఊరి బోర్డు కూడానా?"

"బోర్డు కూడా."

ఆ వారమే గడ్డకట్టిన దారిలో కారు వేసుకుని ఎక్కడికో వెళ్ళివచ్చాడు. ఎక్కడికని నేను అడగలేదు. జనవరిలో దగ్గు మొదలైంది.

మే నెలలో డఫ్ హాలరన్ మా వంటింటికి వచ్చాడు. ఊళ్ళో వేడ్ కోసం కట్టిన కొత్త మ్యూజియానికి ఖర్చు వాళ్ళదే, కమిటీకి అధ్యక్షుడూ అతనే. చిన్నప్పుడు ఊరి స్కూల్లో నా దగ్గర చదువుకున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, సంచిలోంచి ఒక ఇత్తడి రేకు తీసి బల్ల మీద ఉంచాడు. దాని మీద 'ఎల్మర్ లూండ్ గది' అని చెక్కి ఉంది.

"మొదటి గది, టీచర్. మీ పెట్టెలన్నీ అందులోనే ఉంటాయి. ఒక తాళంచెవి మీకే ఇస్తాం."

నేను అక్షరాల మీద బొటనవేలు పెట్టి చూశాను. సమాధికి రాయి ఇంకా రాలేదు. అతని పేరు ఎక్కడైనా చెక్కి ఉండగా చూడడం అదే మొదటిసారి.

"గుర్రం మీది ఫొటో?" అన్నాను.

"అది తలుపుకి ఎదురుగా. ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అంటే తిరగేసేనా?"

డఫ్ కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. ఎల్మర్ చెప్పిన సంగతి నేను ఏప్రిల్‌లోనే కమిటీకి చెప్పాను. "టీచర్, మీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ ఆలోచించండి. తిప్పామనుకోండి, జనం ఏమంటారు? ఎల్మర్‌కి కుడి ఎడమ తెలీదా, ఇన్నేళ్ళూ ఊరందరికీ తప్పు బొమ్మ చూపించాడా అనరూ? ఆయన పోయి ఎన్నాళ్ళయిందని? చేతులారా మీరే ఆయన్ని నవ్వులపాలు చేసుకుంటారా?"

"నీ బెంగ ఎల్మర్ గురించా, వాత గురించా?"

"రెండూ," అన్నాడు. అబద్ధమాడడం వాడికి చిన్నప్పుడూ చేతకాదు. "మా తాత వాత తలుపు మీద చెక్కించేశాం. మా గుర్రం, మా గడ్డి, మా వేడ్. ఈ ఊరికి ఇంకేముంది టీచర్, మీరే చెప్పండి. రైలు కూడా ఆగట్లేదు."

"కాఫీ చల్లారుతోంది, తాగు."

"మరి సరేనా? తిరగేసింది గోడ మీద, మీరనే సరైంది పెట్టెలో. రెండూ ఉంటాయిగా. ఎవరు కాదన్నారు? లేదంటారా, ఆ రేకు తలుపుకెక్కదు. నా చేతిలో లేదు."

"రేకు ఇక్కడ ఉంచి వెళ్ళు," అన్నాను.

రేకు బల్ల మీదే ఉండిపోయింది. రోజూ తుడిచేదాన్ని. అది తలుపు మీద ఎలా ఉంటుందో ఊహించుకున్న మాట నిజం. ఎల్మర్‌ను చూసి ఊరు నవ్వుతుందన్న మాట ములుకులా గుచ్చుకున్నదీ నిజం. అతను బతికి ఉంటే ఆ నవ్వు తనే పడేవాడు. ఇప్పుడు అతని తరఫున దాన్ని నేను ఎందుకు కొని తెచ్చుకోవాలి?

ఒక సాయంత్రం ఏటి ఒడ్డుకు వెళ్ళాను. రొజాలీ మనవరాలు ఆడెల్ అక్కడే ఉంటుంది, అవే గుర్రాలు, అదే వాత. ఒక గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్ట అరగదీస్తోంది.

"ఏం టీచరమ్మా, దారి తప్పావా? స్కూలు అటు."

జరిగింది చెప్పాను. "రేకు మీద నా భర్త పేరు, గోడ మీద మీ నాయనమ్మ గుర్రం. రెంటిలో ఒకటే అంటున్నాడు డఫ్."

ఆడెల్ తల ఎత్తలేదు. "దాని పేరు పొగాకు. అది ఎవరిదో దానికి తెలుసు."

"నువ్వేమంటావు?"

"నేనంటే ఎవరు విన్నారనీ? ఏటా ఆ క్యాలెండరు వచ్చేది. ఏటా మా అమ్మ దాన్ని అద్దానికి ఎదురుగా తగిలించేది. అద్దంలో చూసుకునేవాళ్ళం. అద్దంలో సరిగ్గానే ఉండేది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"అమ్మ బ్యాంకుకెళ్ళి చెప్పింది. ఇంకో క్యాలెండరు చేతిలో పెట్టి పంపించారు."

గుర్రం కాలు దించి, నడుము మీద చెయ్యి వేసుకుని లేచింది. రెండు వాతలూ ఇంత దగ్గరగా ఎందుకున్నాయని అడిగాను.

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు చూడు, అలాగ. మాది ముందుది. తరవాత వచ్చిన పెద్ద హాలరన్ దాన్నే తిరగేసి నాదన్నాడు. తిరగేయడం వాళ్ళకి కొత్తేం కాదులే." చేతులు తుడుచుకుంటూ నాకేసి చూసింది. "నీ మొగుడు మంచోడు."

"నీకెలా తెలుసు?"

"డిసెంబర్లో మంచులో పడి ఇక్కడికొచ్చాడు. గడపలో టోపీ తీసి నిలబడి, 'తప్పుగా ప్రింటు వేసింది నేనే' అన్నాడు. ఆ మాట మా గడపలో ఇప్పటిదాకా ఏ పెద్దమనిషీ అనలేదు. కాఫీ ఇస్తే మాడిందని కూడా అన్నాడనుకో."

ఆ రోజు అతను వెళ్ళిన చోటు అదన్నమాట. నవ్వులపాలు కావడం అతనికి భయం కాదు. ఆ పని అతను అప్పుడే, నాకు చెప్పకుండా, సగం చేసి వెళ్ళాడు.

"కాఫీ మాడిందనడం మాత్రం తప్పు," అన్నాను.

"లేదు, మాడింది," అంది ఆడెల్.

మ్యూజియం తలుపులు తెరిచే రోజు జూన్ చివరి శనివారం. మధ్యాహ్నం మొదట హాల్లో ఫొటోలు తెర మీద చూపించాలి, నేను రెండు మాటలు చెప్పాలి, తరవాత రేకు తలుపుకు బిగించాలి. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ద్రాక్షపళ్ళు కూరి కాల్చిన పైలు బల్ల మీద వరసగా పెట్టారు. ఆర్చీ టల్ ముందు వరసలో, డఫ్ పక్కన కూర్చున్నాడు. ఆడెల్ వెనక తలుపు దగ్గర నిలబడింది. స్లైడులు నేనే వేస్తానన్నాను. ఎవరూ కాదనలేదు.

పసివాడు వేడ్, వంటబండి వేడ్, పంటినొప్పి వేడ్ ఒకరి తరవాత ఒకరు తెర మీదికి వచ్చారు. చివర గుర్రం మీది వేడ్‌ను ఊరు ఎరిగిన తీరులోనే వేశాను. చప్పట్లు మోగాయి.

"ఈ హాల్లో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే," అన్నాను. "కాబట్టి చదవండి. గుర్రం వాత ఏమిటి?"

"సోమరి టి, తల కుడికి!" అన్నారు పెద్దవాళ్ళంతా, తరగతిలో లాగే రాగం తీసి. డఫ్ వెనక్కి తిరిగి నవ్వాడు.

"వేడ్ కోటు బొత్తాలు ఎటువైపు ఉన్నాయి?"

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో, "ఓసినీ, అది నా కోటులా ఉందే!" అన్నారు. మగవాళ్ళు అందరూ ఒక్కసారే తలలు దించి తమ చొక్కాలు చూసుకున్నారు. నా నోటికి నవ్వు వచ్చింది. మార్చి తరవాత అదే మొదలు.

స్లైడు తీసి తిప్పి వేశాను. "ఇప్పుడు చదవండి."

ఎవరూ చదవలేదు. కనబడక కాదు. అది ఎవరి వాతో అక్కడ తెలియనివాళ్ళు లేరు.

"సోమరి టి..." అన్నాడు ఆర్చీ ముసలి గొంతుతో, కుర్చీలో ముందుకు జరుగుతూ. "తల ఎడమకు. ఒరే, అది రొజాలీ గుర్రంరా! పొగాకు! ఆ దయ్యం నన్నోసారి కరిచింది కూడా!" అందరి వైపూ తిరిగాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, వేడ్ కుడిచేతివాడ్రా అని. విన్నారా ఒక్కడైనా?"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను.

"ఈ ఫొటోను తప్పుగా ప్రింటు వేసింది నా భర్త ఎల్మర్ లూండ్," అన్నాను. "ఇన్నేళ్ళు మీరు చూసింది అతని పొరపాటు. దాన్ని కనిపెట్టిందీ అతనే. దిద్దమన్నాడు. దిద్దుతున్నాను. గుర్రం రొజాలీ ఫాయాన్‌ది. హాలరన్‌ల పనివాళ్ళు పడుకునే బంకుహౌసు గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీశాడని వేడ్‌ను పనిలోంచి తీసేస్తే, ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టింది ఆవిడ. ఈ మాట ఆవిడ మనవరాలు ఆడెల్ చెప్పింది."

డఫ్ లేచి నిలబడ్డాడు. "టీచర్, ఇక చాలు. దీపం ఆర్పండి."

"కూర్చో డఫ్. పాఠం ఇంకా అవలేదు."

డఫ్ కూర్చున్నాడు. కూర్చున్నాక, ఎందుకు కూర్చున్నానా అన్నట్టు ముఖం పెట్టాడు. రొజాలీ గుడిసె ముందు తీసిన ఫొటోలు ఒక్కొక్కటే వేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ లేచీ పోలేదు. తలుపు దగ్గర ఆడెల్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నాయనమ్మ ముఖం తెర మీదికి వచ్చినప్పుడు టోపీ తీసింది.

తరవాత డఫ్ మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. "రేకు వెయ్యలేను, టీచర్. కమిటీ ఒప్పుకోదు."

"తెలుసు." సంచిలోంచి రేకు తీసి అతని చేతిలో పెట్టాను. తెచ్చేముందు పొద్దున్న ఒకసారి తుడిచాను.

"మీ పెట్టెలు లేకపోయినా తలుపులు తెరుస్తాం. మా దగ్గర క్యాలెండరు ఉంది, అదే పెట్టుకుంటాం."

"పెట్టుకో," అన్నాను. "దానికి ఎదురుగా ఒక అద్దం కూడా పెట్టు."

పెట్టెలు ఆడెల్ ట్రక్కులో వేశాం. ఆర్చీ ఒక పెట్టె మోస్తానని మొండికేసి, సగం దూరంలో దాని మీదే కూర్చుని ద్రాక్షపళ్ళ పై ముక్క తిన్నాడు.

ఫొటోలు ఇప్పుడు స్కూలు వరండాలో ఉన్నాయి. వేసవంతా ఒక్కదాన్నే తగిలించాను. స్కూలు కమిటీలో డఫ్ బావమరిది ఉన్నాడు. సెప్టెంబరులో బడి తెరిచాక నన్ను ఉంచుతారో లేదో తెలియదు. వద్దంటే ముందు నన్ను ఊడబెరకాలి, తరవాత ఆ మేకులను. పొడుగు మేకులే కొట్టాను. ఊరి బోర్డు మీద వేడ్ ఇంకా ఎడమచేత్తోనే గీస్తున్నాడు. పొద్దున్నుంచే వరండా తలుపు తీసి ఉంటుంది. కావలసినవాళ్ళు వచ్చి చూడవచ్చు. కొందరు వస్తున్నారు. మగవాళ్ళు మొదట తమ చొక్కా బొత్తాలు తడుముకుంటారు.

గుర్రం ఫొటో కింద కాగితం నేనే రాశాను: 'వేడ్ కార్మడీ, కుడిచేతివాడు. గుర్రం పేరు పొగాకు. వాత సోమరి టి, తల ఎడమకు. యజమాని రొజాలీ ఫాయాన్. ఈ ఫొటోను తప్పుగా ప్రింటు వేసినది ఎల్మర్ లూండ్. దిద్దినది ఎల్మర్ లూండ్.'

ఆడెల్ వచ్చి, ముక్కు దాదాపు గోడకు ఆనించి, నెమ్మదిగా చదివింది.

"ఒక తప్పుంది టీచరమ్మా."

"ఏది?"

"పొగాకు ఆడగుర్రం. ఆ ముక్క రాయలేదేం?"

జడలోంచి ఎర్ర పెన్సిలు తీసి, 'గుర్రం'కు ముందు చిన్న గుర్తు పెట్టి, పైన 'ఆడ' అని చేర్చాను. కాగితం మార్చలేదు. దిద్దుబాటు కనబడేట్టుగానే ఉంచాను.